నెల తప్పిన కూలితల్లిని ఎవరూ అడగని నాలుగు ప్రశ్నలు
(మన తల్లుల చరిత్ర – 9వ భాగం)



మొన్న ఆదివారం ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. నరసరావుపేటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాడు. మీటింగుల్లో బాగా మాట్లాడే పిల్లాడు, ఆ రోజు మాత్రం మాటలు మింగుతున్నాడు.

"అక్కా, ఇది నిన్ను అడగొచ్చో లేదో తెలీదు. మా వదినకి రెండో నెల. మిరపకోతకి పోతా ఉంది. రెండు రోజుల నుంచి పొత్తికడుపులో పట్టేసినట్టు ఉందంట. రాత్రిపూట పిక్కలు కూడా పట్టేస్తున్నాయంట. మా అన్నేమో అయ్యన్నీ మామూలే అంటన్నాడు. మామూలేనా అక్కా?"

నేను నాలుగు ప్రశ్నలు అడిగాను. రక్తం ఏమైనా కనబడిందా? నొప్పి ఒక పక్కనే గట్టిగా ఉందా? కళ్లు తిరిగి పడిపోవడం లాంటిది జరిగిందా? మూత్రానికి వెళ్తే మంట, జ్వరం ఉన్నాయా? ఒక్కదానికీ అతని దగ్గర జవాబు లేదు. ఆ అమ్మాయికే ఫోన్ చేశాను. రక్తం లేదంది. నొప్పి మధ్యలోనే ఉంది, వస్తా పోతా ఉందంది. కళ్లు తిరగలేదంది. మంట మాత్రం ఉందంది, వారం నుంచి.

"చేలో నీళ్లు తాగుతున్నావా అమ్మా?"

"తాగితే యాడికి పోవాలక్కా? చుట్టూ మగోళ్లే. పొద్దున తాగి వెళ్తే మళ్లీ ఇంటికొచ్చాకే."

మర్నాడు పీహెచ్‌సీకి వెళ్లి మూత్రం పరీక్ష చేయించుకోమన్నాను. ఇన్ఫెక్షన్ అని తేలింది. గర్భిణి వేసుకోదగ్గ మందు ఇచ్చారు. నొప్పి తగ్గింది. స్కానింగులో బిడ్డ గుండె కొట్టుకుంటోంది.

ఈ కథ ఇలా సుఖంగా ముగిసింది. నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే మాట. ఫోన్ పెట్టేసే ముందు ఆ అమ్మాయి అంది, "ఇయ్యన్నీ నన్ను ఇంతవరకు ఎవురూ అడగలేదక్కా."

ఇవాళ్టి భాగం ఆ మాట గురించే. గుంటూరు, ప్రకాశం పత్తి, మిరప చేలల్లో నెల తప్పిన కూలి మనిషిని ఆ నాలుగు ప్రశ్నలూ ఎందుకు అడగలేదో చూద్దాం.

ముందు ఒంటి సంగతి

సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లు ఇక్కడ సిగ్గుపడి కిందికి జరిపేయొద్దు. చదవండి. రేపు మీ వదినకో, మీ భార్యకో, మీ ముఠాలో ఒకామెకో అవసరమవుతుంది.

గర్భసంచి అంటే కండరం. మామూలుగా గుప్పెడంత ఉంటుంది. పిండం దాని గోడకు అతుక్కునే రోజుల్లో కొందరికి సన్నగా నొప్పి తెలుస్తుంది. తర్వాత ఆ కండరం సాగడం మొదలుపెడుతుంది. 12 వారాలకు పెద్ద బత్తాయంత అయి, కటి ఎముకల మధ్య నుంచి పైకి తగులుతుంది. ఏ కండరమైనా సాగితే లాగుతుంది, పట్టేస్తుంది. దానికి తోడు గర్భం నిలబెట్టడానికి ఒంట్లో పెరిగే ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పేగుల కదలికను నెమ్మది చేస్తుంది. గ్యాసు పడుతుంది, మలబద్ధకం వస్తుంది. అదీ పొత్తికడుపు నొప్పిలాగే అనిపిస్తుంది. కాబట్టి వస్తూ పోతూ ఉండే సన్నని నొప్పి, కాసేపు పడుకుంటే తగ్గేది, రక్తం లేనిది, చాలావరకు ప్రమాదం కాదు.

పిక్కలు పట్టేయడం సాధారణంగా నెలలు నిండే కొద్దీ ఎక్కువవుతుంది. కానీ ఎండలో చెమటతో నీళ్లూ ఉప్పూ పోగొట్టుకునే మనిషికి ఏ నెలలోనైనా రావచ్చు. కాలు చాపి, పాదం వేళ్లను మోకాలి వైపు లాగితే వదులుతుంది. ఒక కాలే వాచి, ఎర్రగా, వేడిగా ఉండి నొప్పెడితే మాత్రం రక్తం గడ్డ కట్టిందేమో చూపించుకోవాలి.

ఇక ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి. రక్తం పోతుంటే. నొప్పి ఒక పక్కనే పొడిచినట్టు వస్తుంటే, భుజం పైన నొప్పి వస్తే, కళ్లు తిరిగి పడిపోతే అసలు ఆలస్యం చేయకూడదు. పిండం గర్భసంచిలో కాకుండా గొట్టంలో పెరుగుతుంటే ఇలా అవుతుంది. ఆ గొట్టం పగిలితే లోపలే రక్తం పోయి గంటల్లో ప్రాణం పోతుంది. జ్వరం, మూత్రంలో మంట ఉంటే ఇన్ఫెక్షన్. దాన్ని వదిలేస్తే కిడ్నీల దాకా పోతుంది. ఊళ్లో ఆర్ఎంపీ వేసే నొప్పుల ఇంజెక్షన్, డైక్లోఫెనాక్ లాంటివి, గర్భిణి డాక్టర్‌ను అడగకుండా వేయించుకోకూడదు.

ఇంకొక్క మాట. తెలిసిన గర్భాల్లో వందకు 10 నుంచి 20 దాకా మొదటి నెలల్లోనే పోతాయి. వాటిలో సగానికి పైగా పిండంలోని క్రోమోజోముల లోపం వల్ల పోయేవే. ఆమె ఏదో తిన్నందుకో, ఎవరి దిష్టో తగిలినందుకో కాదు. ఈ ఒక్క మాట తెలియక మన ఇళ్లల్లో ఎంతమంది ఆడవాళ్లు జీవితాంతం తప్పు మోశారో లెక్కలేదు. అందులో మా అమ్మ ఒకతె.

మా అమ్మ చెప్పినది

నాకు ఏడో వారంలో కడుపులో పట్టేసినట్టయి భయపడి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ మొదటిసారి చెప్పింది. అప్పటిదాకా నాకూ తమ్ముడికీ మధ్య ఇంకో కడుపు ఉందని నాకు తెలీదు.

అది మిరపకోతల కాలం. నేను ఒకటో తరగతి. అమ్మకు రెండో నెల. ఆసామి చేలో రెండో రోజు పొద్దుటి నుంచి పొత్తికడుపు పట్టేసింది. ముఠా మేస్త్రితో చెప్పింది. ఆమె కూడా మన మనిషే, చెడ్డది కాదు. "నెల తప్పితే అట్టాగే ఉంటదే, ఆ సాలు అయ్యాక కూసో" అంది. అమ్మ సాలు పూర్తి చేసింది. కూర్చుంటే మిగతా ముఠా మీద ఆమె వాటా పడుతుంది, రేపు ముఠాలోకి పిలవరు. మూడో రోజు మధ్యాహ్నం రక్తం కనబడింది. చీర మార్చుకుని నడిచి ఇంటికొచ్చింది. ఆర్ఎంపీ ఒక ఇంజెక్షన్ వేశాడు. ఐదో రోజు మళ్లీ చేలో ఉంది.

"ఆ వారమే పక్కింట్లో బొప్పాయి ముక్క తిన్నా. అందుకే పోయింది" అంది అమ్మ, ముప్పై ఏళ్ల తర్వాత, ఫోన్లో. అంత స్థిరంగా, తీర్పు చెప్పినట్టు.

నాకు స్కానింగ్ సెంటర్ ఉంది. సెలవు ఉంది. భయం వేస్తే అడగడానికి డాక్టర్ ఉంది. నా నొప్పి మామూలుదని గంటలో తేలింది. అమ్మది కూడా మొదటి రోజు అదే నొప్పి. ఆ గర్భం క్రోమోజోముల వల్ల పోయి ఉండొచ్చు, డాక్టర్ పక్కనే ఉన్నా పోయేదేమో. నేను దానికి ఆసామిని నిందించడం లేదు. నేను అడిగేది రెండు సంగతులు. నొప్పి వచ్చిన రోజు ఆమెకు కూర్చునే హక్కు ఎందుకు లేదు? రక్తం పోయాక రెండు రోజులు దాటి పడుకునే హక్కు ఎందుకు లేదు?

రికార్డుల్లో లేని గడి

మనం తేదీలు గుర్తుపెట్టుకునే వాళ్లం. కారంచేడు 1985 జూలై 17. చుండూరు 1991 ఆగస్టు 6. చనిపోయిన వాళ్ల పేర్లు మన పిల్లలకు నేర్పుతాం. కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర బిందె ఎత్తి ఎదురు నిలిచిన మున్నంగి సువార్తమ్మ పేరు చెప్పుకుంటాం. హత్యలకు తేదీ ఉంటుంది, ఎఫ్ఐఆర్ ఉంటుంది. కానీ చేను సాలులో పోయిన కడుపుకు తేదీ ఉండదు.

సర్కారు రికార్డు కూడా అంతే. 1969 జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం జననం రాస్తుంది, మరణం రాస్తుంది, 28 వారాలు దాటి చనిపోయి పుట్టిన బిడ్డను రాస్తుంది. మొదటి మూడు నెలల్లో పోయినదానికి గడి లేదు. ప్రతి ఆడమనిషి కడుపు సంగతీ సర్కారు రాసుకోవాలని నేను అనడం లేదు, అది ఇంకో ప్రమాదం. రికార్డు లేకపోతే చరిత్ర కూడా లేదనుకునే మన అలవాటు గురించి అంటున్నాను.

వెనక్కి, 1876–78 ధాత కరువుకు వెళ్దాం. మన జిల్లాల దళిత క్రైస్తవ చరిత్ర అక్కడే మలుపు తిరిగిందని అందరం చదివాం. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా ముక్కను కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన మాదిగలకు తవ్వకం పని ఇచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ అంకె మన చర్చిల్లో పిల్లలకు కూడా నోటికొచ్చు.

అదే కరువుకు ఇంకో అంకె ఉంది, మనం చెప్పుకోనిది. 1878లో మద్రాసు ప్రెసిడెన్సీలో నమోదైన జననాలు ఘోరంగా పడిపోయాయి. ఆకలితో ఉన్న ఒంట్లో నెలసరి ఆగిపోతుంది, గర్భం రాదు, వచ్చినా నిలవదు. రిజిస్టర్లో పుట్టినవాళ్లు తగ్గారని ఉంది. మట్టి తట్టలు మోసిన ఆడవాళ్లలో ఎవరికి నెల తప్పిందో, ఎవరికి నిలవలేదో ఆ పుస్తకంలో దొరకదు. నీటిలో మునిగి లేచినవాళ్లను లెక్కపెట్టారు. ఆ ఆడవాళ్ల కడుపుల సంగతి ఎవరి లెక్కలోకీ రాలేదు.

గుంటూరుకు డాక్టరమ్మ వచ్చింది

1883లో అన్నా సారా కుగ్లర్ అనే అమెరికన్ లూథరన్ డాక్టరమ్మ గుంటూరులో దిగింది. ఆమెను పంపినవాళ్లు డాక్టరుగా పంపలేదు. ఆడవాళ్లకు, పిల్లలకు చదువు చెప్పే పని మీద పంపారు. తన దగ్గరున్న మందులతోనే ఆమె వైద్యం మొదలుపెట్టింది. మిషన్ ఆమెను వైద్య పనికి అధికారికంగా నియమించడానికి రెండేళ్లు పైనే పట్టింది. 1898లో ఆడవాళ్లకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచింది. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి అంటే ఇప్పటికీ అందరికీ తెలుసు. 1930లో ఆమె గుంటూరులోనే చనిపోయింది.

ఆమె ముందు మనకు వైద్యమే లేదని నేను అనను. మంత్రసాని ఉంది. చాలా ఊళ్లలో ఆమె మన పల్లె మనిషే. కడుపు పట్టి చూసి చెప్పగలిగేది, బిడ్డ అడ్డం తిరిగితే కనిపెట్టేది. పురుడు అంటు కాబట్టి ఆ అంటు మోసే పని మన ఆడవాళ్ల చేతికి వదిలేశారు. చేతిలోని విద్యకు గౌరవం ఇవ్వలేదు, చేటలో గింజలు పోశారు. అయినా ఆమెను పిలిచేది పురుటికి. రెండో నెల నొప్పికి ఎవరు పిలుస్తారు?

మిషన్ ఆసుపత్రులు ఒక పెద్ద పని చేశాయి. మన ఆడపిల్లలకు తెల్ల బట్టలు వేసి నర్సు చదువు చెప్పాయి. ఆ అంటుచేతులనే తర్వాత అన్ని కులాల వాళ్లూ నాడి పట్టించుకోవడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఈ రెండు జిల్లాల్లో మాల మాదిగ ఇళ్లల్లో నర్సమ్మ లేని చుట్టరికం తక్కువ. కానీ చిత్రం చూడండి. నర్సమ్మ ఆసుపత్రిలో ఉంది, ఆమె పిన్ని చేలో ఉంది. ఆసుపత్రికి రావాలంటే ఒక రోజు కూలి పోవాలి. కాన్పు కష్టమైతే బండి కట్టుకుని వస్తారు. "పట్టేసినట్టు ఉంది" అని ఒక రోజు కూలి పోగొట్టుకుని ఎవరూ రారు. రెండు జిల్లాలకూ ఆసుపత్రులు వచ్చాయి, చేనుకూ ఆసుపత్రికీ మధ్య ఉన్న ఆ ఒక్క రోజు కూలి మాత్రం అలాగే ఉండిపోయింది.

చట్టం ఎక్కడ ఆగింది

ఆ ఒక రోజు కూలి ఎవరు కట్టాలన్న ప్రశ్నను ఈ దేశంలో సూటిగా మాట్లాడిన వాళ్లలో బాబాసాహెబ్ ఒకరు. 1928 జూలై 28న బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ ఆయన మాట్లాడారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికి మేలు చేసే పని, కాబట్టి ఆ భారంలో పెద్ద వంతు ప్రభుత్వం మోయాలి, ఆమె శ్రమతో లాభపడే యజమాని కూడా తప్పించుకోకూడదు అన్నది ఆయన వాదన. 1929లో బొంబాయి చట్టం వచ్చింది. మన గుంటూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, అక్కడ 1934 నాటి చట్టం వచ్చింది. బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్ అయ్యాక 1943 జూలై 29న గనుల్లో పనిచేసే ఆడవాళ్ల ప్రసూతి చట్టానికి సవరణ బిల్లు పెట్టారు.

చివరికి దేశమంతటికీ 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం. విద్యార్థి మిత్రులు దీన్ని ఒకసారి తెరిచి చదవండి. 9వ సెక్షన్‌లో గర్భస్రావం అయిన స్త్రీకి ఆరు వారాల జీతంతో సెలవు అని ఉండేది. ఆరు వారాలు! మా అమ్మకు దొరికింది రెండు రోజులు. అమ్మకు గర్భం పోయిన నాటికి ఆ చట్టం వచ్చి పాతికేళ్లు దాటింది.

మరి ఆ చట్టం ఎవరికి? ఫ్యాక్టరీ, గని, తేయాకు కాఫీ లాంటి తోటలు, పదిమందికి తగ్గకుండా పనిచేసే షాపులు, సంస్థలు. పత్తి చేను లేదు. మిరప కల్లం లేదు.

దీన్ని మన జిల్లాల్లో పెట్టి చూడండి. పత్తి తీసిన ఆమె చట్టానికి బయట. అదే పత్తి లారీ ఎక్కి జిన్నింగ్ మిల్లు గేటు దాటగానే అక్కడ పనిచేసే ఆడమనిషి, కాగితం మీదైనా, చట్టానికి లోపల. మిరపకాయ కోసిన ఆమె, కల్లంలో తాలు కాయ ఏరిన ఆమె బయట. చీరాల, గుంటూరు పొగాకు ఫ్యాక్టరీల్లో ఆకు గ్రేడింగ్ చేసిన ఆమె లోపల. నీలగిరి కొండల మీద తేయాకు కోసే ఆమె లోపల. వంగి కోసే పని ఒకటే, ఆడమనిషి కడుపు ఒకటే.

ఇందులో ఇంకో సంగతి చాలామంది చూడరు. అదే చట్టం 4వ సెక్షన్ గర్భిణి అడిగితే బరువు పని, గంటల తరబడి నిలబడే పని, గర్భస్రావానికి దారితీసే పని చెప్పకూడదనేది. ఎప్పుడు? కాన్పు తేదీకి ముందున్న ఆరు వారాల్లో, దానికి ముందు ఒక నెలలో. అంటే ఎనిమిదో నెల అటూ ఇటూ. గర్భస్రావం ఎక్కువగా అయ్యేది మొదటి మూడు నెలల్లో. కడుపు పైకి కనబడే నెలలకే చట్టం తేలిక పని ఇచ్చింది. పైకి కనబడని కడుపు దానికి కూడా కనబడలేదు.

అయితే 2025 దాకా అమల్లో ఉన్న ఆ చట్టంలో ఒక తలుపు ఉండేది. కేంద్రం ఆమోదంతో రాష్ట్ర ప్రభుత్వం ఈ చట్టాన్ని ఇతర సంస్థలకు కూడా వర్తింపజేయొచ్చని 2వ సెక్షన్‌లో రాశారు. ఆ వాక్యంలో పరిశ్రమ, వాణిజ్యం అన్న మాటల పక్కనే వ్యవసాయం అన్న మాట అచ్చయి ఉంది. ఆ తలుపు తీసి పత్తి చేలను లోపలికి తెచ్చిన ప్రభుత్వం మన దగ్గర లేదు. 2017 సవరణ కాన్పు సెలవును 12 నుంచి 26 వారాలకు పెంచినప్పుడు పత్రికలు పండగ చేశాయి. చేలో ఉన్నామెకు అప్పుడూ సున్నా. 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఫ్యాక్టరీ, గని, తోట, పదిమంది ఉన్న షాపు అన్న పాత జాబితానే ఉంచింది. కేంద్రం ఇచ్చే మాతృ వందన డబ్బు ఉంది కదా అంటారు. అది మంచిదే. కానీ అది ఆరు వారాల కూలికి బదులు కాదు.

చేను, మందు

ఇప్పుడు చేలోకి రండి. పత్తి తీసే ఆమె నడుముకు ఒడి కట్టుకుంటుంది. తీసిన పత్తి అందులో వేస్తుంది. నిండే కొద్దీ ఆ బరువు పొత్తికడుపు మీద వేలాడుతుంది. కిలోకు ఇంత అని కూలి కాబట్టి ఒడి నిండకుండా గట్టుకు నడవదు. మిరప చెట్టు నడుము ఎత్తు కూడా ఉండదు, పొద్దంతా వంగే ఉండాలి. కల్లంలో ఘాటుకు తుమ్ములు, దగ్గు. గర్భంతో ఉన్నామెకు దగ్గినప్పుడల్లా గజ్జల్లో చురుక్కుమంటుంది. నీళ్లు తాగదు, ఎందుకో ఆ వదిన చెప్పింది. పశ్చిమ కర్నూలు ఊళ్ల నుంచి సుగ్గి అని గుంటూరు మిరపకోతలకు వచ్చే కుటుంబాలు చేల పక్క గుడారాల్లో ఉంటాయి. సొంతూళ్లో పేరున్న ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీకి వాళ్లు దూరం. వచ్చిన ఊళ్లో వాళ్ల పేరు ఎవరి రిజిస్టర్లోనూ ఉండదు.

వీటన్నిటి మీద మందు. 1980ల్లో మన పత్తి చేల మీద తెల్లదోమ పడింది. రైతులు మందు మీద మందు కొట్టారు. పురుగు చావలేదు, అప్పు పెరిగింది. 1987–88లో గుంటూరు, ప్రకాశం పత్తి రైతులు అదే మందు తాగి చనిపోయారు. దేశం ఆ చావులను చూసింది, చూడాల్సిందే. కానీ ఆ మందు కొట్టిన చేలోనే డ్రమ్ములో నీళ్లు పోసి, మందు కలిపి, ట్యాంకు నింపి, మర్నాడు తడి ఆరని చెట్ల మధ్య కలుపు తీసిన ఆడవాళ్లను ఎవరు చూశారు?

మోనోక్రోటోఫాస్ లాంటి మందులు నరాలకూ కండరాలకూ మధ్య జరిగే సంకేతాన్ని ఆపకుండా చేస్తాయి. అప్పుడు ఏమవుతుంది? కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. కండరాలు అదరడం, పట్టేయడం. చెమటలు, నోట్లో నీళ్లూరడం, వాంతి. చదివారుగా? నెల తప్పిన మనిషికి వచ్చే వేవిళ్లూ, కడుపు పట్టేయడమూ, విషం ఎక్కిన మనిషి లక్షణాలూ పైకి ఇంత దగ్గరగా ఉంటాయి. "నెల తప్పితే అట్టాగే ఉంటదే" అన్న ఒక్క మాట కింద ఎన్ని దాగి ఉండొచ్చో ఆలోచించండి.

పరిశోధన లేదా అంటే ఉంది. పత్తి చేలల్లో పురుగుమందుల పాల పడిన కుటుంబాల సంతానం మీద ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిశోధకులు చేసిన అధ్యయనం 1991లో అచ్చయింది. వెయ్యికి పైగా జంటలను చూశారు. మందు పాల పడని జంటలతో పోలిస్తే గర్భస్రావాలు ఎక్కువని తేలింది. విలువైన పని. కానీ వాళ్లు ఎంచుకున్నవి మగవాళ్లు మందు కొట్టిన కుటుంబాలు. మందు పాల పడే మనిషి అంటే పంపు భుజాన వేసుకున్న మగవాడే అన్నది అప్పటి చూపు. 2005లో ఇంకో అధ్యయనం అచ్చయింది. మన దేశంలోని మూడు పత్తి గ్రామాల్లో ఆడవాళ్ల చేతే లక్షణాలు రాయించారు. చిక్కటి మందు కలపడం, ట్యాంకు నింపడం లాంటి ఆడవాళ్ల పనులు మందు కొట్టడంతో సమానంగా ప్రమాదకరమని అందులో తేలింది. ఆడవాళ్లను అడిగారు కాబట్టే ఆ సంగతి బయటపడింది.

అడగకుండా తీసేసింది

నొప్పి గురించి అడగని చోట రెండే జవాబులు ఉంటాయి. ఒకటి, ఏం లేదు పని చేసుకో. రెండోది మన రాష్ట్రం తర్వాత కనిపెట్టింది. గర్భసంచి తీసేయడం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసిన వాళ్లు దేశంలో వందకు 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశంలో మనమే మొదటి స్థానం. తెలంగాణ 7.7తో మన వెనకే ఉంది. తెల్లబట్ట, ఇన్ఫెక్షన్, నడుంనొప్పి లాంటి మందుతో తగ్గేవాటికి కూడా పెద్దాపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లు మన పల్లెల్లో వీధికి ఒకరు ఉన్నారు. పిల్లలు పుట్టారుగా, ఇంకెందుకు ఆ సంచి అని అంటారు. ఇరవై ఏళ్ల పిల్లగా ఆమె పొత్తికడుపు పట్టేసిందంటే ఎవరూ వినలేదు. ముప్పై ఐదేళ్లకు అదే మాట అంటే కోసి తీసేశారు.

ఏం చేద్దాం

ఒకటి. ఆ నాలుగు ప్రశ్నలు ప్రతి సంఘం మీటింగులో చెప్పండి. రక్తం, ఒక పక్క నొప్పి, కళ్లు తిరగడం, మంటా జ్వరం. చేలో మందు వాసన తగిలిన రోజు ఇంకో ప్రశ్న కలపండి. చెమటలు, నోట్లో నీళ్లు, కండరాలు అదరడం ఉంటే బట్టలు మార్చి, సబ్బుతో ఒళ్లు కడిగి 108కి ఫోన్ చేయాలి. మందు సీసా వెంట తీసుకెళ్లాలి. ముఠా మేస్త్రులకు ఇది ముందుగా నేర్పాలి. అమ్మ చెప్పుకున్నది మేస్త్రితోనే కదా.

రెండు. కోత ఒప్పందంలో కూలి రేటుతో పాటు తాగునీరు, నీడ, ఆడవాళ్లకు మరుగు అని రాయించండి. 2005 ఉపాధి హామీ చట్టం పని చోట నీళ్లు, నీడ, ప్రథమ చికిత్స ఉండాలని రాసింది. సర్కారు పనికి అవసరమైనది ఆసామి పనికి ఎందుకు అక్కర్లేదు?

మూడు. గర్భస్రావం అయిన వ్యవసాయ కూలికి ఆరు వారాల కూలి. మొదటి మూడు నెలల్లో మందు కలిపే పని, బరువు పని చెప్పకూడదు. ఏ ఆసామికీ ఒక్కడికే ఆమె పనిచేయదు కాబట్టి డబ్బు ప్రభుత్వ నిధి నుంచి రావాలి. ఆ నిధికి పత్తి, మిర్చి వ్యాపారం మీద సెస్సు వేయాలి. గుంటూరు మిర్చి యార్డులో చేతులు మారే టిక్కీల్లో ప్రతి కాయా ఒక ఆడమనిషి వంగి కోసిందే. 1928లో బాబాసాహెబ్ చెప్పిన లెక్క ఇదే, ప్రభుత్వం, లాభపడినవాళ్లు కలిసి మోయాలని. లా చదివే పిల్లలు ఈ డిమాండుకు ముసాయిదా రాయండి. 1961 చట్టంలో ఆ తలుపు ఎక్కడుండేదో చెప్పాను.

ఈ భాగం రాశాక అమ్మకు చదివి వినిపించాను. క్రోమోజోముల సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. "అయితే బొప్పాయి వల్ల కాదా?" అంది. కాదమ్మా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ మేస్త్రి పిన్నికి కూడా ఒకటి పోయిందే అమ్మాయ్. ఆమె కూడా కోతలోనే" అంది.

మీ ఇళ్లల్లో కూడా అడగండి. తమ్ముళ్లూ, మీరూ అడగండి. వచ్చే భాగంలో పొగాకు బేరన్ల ఆడవాళ్ల గురించి రాస్తాను.

జై భీమ్.